రాసిన అంకె, చదివిన అంకె

మీ కంప్యూటర్లో బ్రౌజర్ కన్సోల్ తెరిచి 9007199254740993 అని కొట్టి ఎంటర్ నొక్కండి. జవాబుగా 9007199254740992 కనబడుతుంది. చివర 3 ఇస్తే 2 వచ్చింది. ఎర్ర అక్షరాల్లో హెచ్చరిక ఉండదు, ప్రోగ్రామ్ ఆగదు. మీరిచ్చిన సంఖ్య యంత్రం దగ్గర లేదు కాబట్టి, తన దగ్గరున్న వాటిలో దానికి బాగా దగ్గరగా ఉన్నదాన్ని తీసుకుని ఊరుకుంది. అది ఏదో దూరపు నక్షత్రం కొలత అయితే పోనీలెమ్మనుకోవచ్చు. లావాదేవీ నంబరైతే మాత్రం ఆ పక్క నంబరు ఇంకొకరిది.

ఇలాంటి మార్పులు ఎక్కువగా జరిగే చోటు ఒకటుంది. ఫోన్లోని యాప్ సర్వరుకి ఏదైనా పంపాలంటే తన దగ్గరున్న వివరాలను ముందు అక్షరాల వరసగా రాస్తుంది. అవతలి ప్రోగ్రామ్ ఆ అక్షరాలను చదివి, మళ్లీ తన మెమరీలో వివరాలుగా పేర్చుకుంటుంది. రాయడాన్ని సీరియలైజేషన్ అనీ, చదివి పేర్చుకోవడాన్ని డీసీరియలైజేషన్ అనీ అంటారు. ఇవాళ ఈ రాతకోతలకు ఎక్కువమంది వాడుతున్న పద్ధతి జేసన్. డగ్లస్ క్రాక్‌ఫర్డ్ అనే అమెరికన్ ప్రోగ్రామర్ 2000ల తొలినాళ్లలో దాన్ని ప్రచారంలోకి తెచ్చాడు. జావాస్క్రిప్ట్ భాషలో అప్పటికే ఉన్న రాత పద్ధతి నుంచి ఓ చిన్న ముక్కను విడదీసి, దాని వ్యాకరణాన్ని రైలు పట్టాల్లాంటి బొమ్మలతో ఒక్క వెబ్ పేజీలో ఇమిడ్చాడు. జేసన్ గెలవడానికి ఆ క్లుప్తతే కారణం. మనం చెప్పుకోబోయే చిక్కులకు కూడా అదే కారణం.

ఆ వ్యాకరణంలో సంఖ్య గురించి ఉన్నది ఇంతే: ముందు మైనస్ గుర్తు ఉండొచ్చు, తరవాత అంకెలు, కావాలంటే ఓ చుక్క, మరికొన్ని అంకెలు, ఇంకా కావాలంటే ఇంగ్లీషు ఇ అక్షరం, దాని వెనక పది ఘాతం. ఎన్ని అంకెలుండాలో లేదు. పూర్ణాంకానికీ భిన్నానికీ తేడా చూపాలని లేదు. చదివేవాడు దాన్ని 32 బిట్లలో పెట్టుకోవాలా, 64లోనా, అంతకంటే పెద్ద గదిలోనా అన్న ప్రసక్తే లేదు. 2017 డిసెంబరులో వచ్చిన ఆర్‌ఎఫ్‌సి 8259 ప్రమాణం కూడా, చదివే ప్రోగ్రాములు తమకు తోచిన పరిమితులు పెట్టుకోవచ్చని ఒప్పుకుంది. దాంతోపాటు ఓ సలహా ఇచ్చింది: రెండు వైపులా ఒకే సంఖ్య కనబడాలంటే 64 బిట్ల ఫ్లోట్‌లో పట్టేంతవరకే రాయండి, పూర్ణాంకాలైతే 2 ఘాతం 53కి ఇటువైపే ఉండండి అని. అది సలహా మాత్రమే, నియమం కాదు.

అంటే జేసన్‌లో మనం చూసే సంఖ్య ఇంకా సంఖ్య కాదు, అంకెల వరస. దానికి రకం అంటూ ఏర్పడేది చదివే క్షణంలో. ఆ నిర్ణయం రాసినవాడి చేతిలో లేదు. చదివేవాడు కూడా తనకై తాను నిర్ణయించకపోతే, అతను వాడే లైబ్రరీ నిర్ణయించేస్తుంది.

లైబ్రరీలు సాధారణంగా ఎంచుకునేది ఆ 64 బిట్ల ఫ్లోట్‌నే. ఐట్రిపుల్‌ఈ 754 పేరుతో 1985లో ఖరారైన ప్రమాణం ఇది. దీని వెనక ప్రధాన మేధ విలియం కహన్‌ది, ఆయనకు 1989లో ట్యూరింగ్ అవార్డు వచ్చింది. 64 బిట్లలో ఒకటి ప్లస్సో మైనస్సో చెప్పడానికి, పదకొండు ఘాతానికి, మిగిలిన 52 అసలు అంకెలకి. బైనరీలో రాసినప్పుడు సంఖ్య మొదట ఎలాగూ 1 ఉంటుంది కనక దాన్ని రాయకుండా మిగిల్చుకుంటారు. అలా 53 బిట్ల కచ్చితత్వం దొరుకుతుంది. 2 ఘాతం 53 అంటే 9007199254740992. మన లెక్కలో దాదాపు తొమ్మిది వేల ఏడు లక్షల కోట్లు. అక్కడిదాకా ప్రతి పూర్ణాంకానికీ చోటుంది. అది దాటగానే బేసి సంఖ్యలన్నీ మాయమై సరిసంఖ్యలే మిగులుతాయి. 2 ఘాతం 54 దాటితే నాలుగు గుణిజాలు మాత్రమే, ఆ పైన ఎనిమిదివి. పైకి పోయేకొద్దీ సంఖ్యల మధ్య ఖాళీ రెట్టింపవుతూ పోతుంది.

జావాస్క్రిప్ట్‌లో చాలా ఏళ్లు సంఖ్య అంటే ఇదొక్కటే. పూర్ణాంకాలకు వేరే రకం లేదు. 2020 ప్రమాణంలో బిగ్‌ఇంట్ వచ్చేదాకా ఆ పరిస్థితి మారలేదు, జేసన్‌ని చదివే అంతర్నిర్మిత పనిముట్టు ఇప్పటికీ దాన్ని తనంతట తాను వాడదు.

తొమ్మిది వేల లక్షల కోట్లు దాటే సంఖ్య నిజ జీవితంలో ఎవరికి కావాలి అని అడగొచ్చు. ట్విట్టర్‌కి 2010లో కావలసి వచ్చింది. అంతవరకు ట్వీట్లకు ఒకటి తరవాత ఒకటిగా వరస నంబర్లు వేస్తూ పోయారు. రద్దీ పెరిగాక నంబర్లిచ్చే పనిని అనేక యంత్రాలకు పంచాలి, అవి ఒకదాన్నొకటి అడగకుండానే ఎవరికి వారు నంబరు తయారుచేసుకోవాలి, అయినా రెండు ట్వీట్లకు ఒకే నంబరు పడకూడదు. దానికోసం స్నోఫ్లేక్ అనే ఏర్పాటు చేశారు. అందులో నంబరు మూడు ముక్కల కూర్పు: 2010 నవంబరు 4న సున్నా నుంచి మొదలైన గడియారంలో ఎన్ని మిల్లీసెకన్లు గడిచాయో చెప్పే 41 బిట్లు, ఏ యంత్రమో చెప్పే 10 బిట్లు, ఒకే మిల్లీసెకనులో ఆ యంత్రం ఇచ్చిన ఎన్నో నంబరో చెప్పే 12 బిట్లు.

ఇక్కడ చిన్న లెక్క చేస్తే తమాషాగా ఉంటుంది. కింది రెండు ముక్కలకు 22 బిట్లు పోతే, ఫ్లోట్‌లోని 53లో గడియారానికి మిగిలేవి 31. 2 ఘాతం 31 మిల్లీసెకన్లంటే 25 రోజులకు కాస్త తక్కువ. గడియారం మొదలై నెల తిరక్కముందే ట్వీట్ నంబర్లు జావాస్క్రిప్ట్ చేతికి అందకుండా పోయాయన్నమాట. ట్విట్టర్ ఇంజనీర్లకు ఇది ముందే తెలుసు. అందుకే ప్రతి జవాబులోనూ నంబరుతోపాటు, అవే అంకెలను కొటేషన్లలో పెట్టి స్ట్రింగ్‌గా ఇంకోసారి పంపడం మొదలుపెట్టారు. ఒకే విషయాన్ని రెండుసార్లు రాయడం చూడ్డానికి అందంగా ఉండదు, కానీ ఆనాడు అంతకన్నా మెరుగైన దారి లేదు.

ఆ రెండో గడిని పట్టించుకోకుండా మొదటిదాన్నే చదువుకున్న ప్రోగ్రామ్‌కి ఏమవుతుంది? ఈమధ్య కాలపు ట్వీట్ నంబర్లు 2 ఘాతం 60 దాటి ఉన్నాయి. అక్కడ పక్కపక్క ఫ్లోట్‌ల మధ్య దూరం 256. కాబట్టి చదివిన నంబరు దగ్గరలోని 256 గుణిజానికి సర్దుకుంటుంది. అన్నీ ఇలాగే చెడిపోతే ఒకందుకు మేలే, మొదటి రోజే దొరికిపోయేది. చిక్కేమిటంటే, ఆ మిల్లీసెకనులో ఆ యంత్రం ఇచ్చిన మొదటి నంబరు చివరి 12 బిట్లలో సున్నాలే ఉంటాయి. అది 4096 గుణిజం, ఫ్లోట్‌లో చెక్కుచెదరకుండా ఇముడుతుంది. పరీక్షించినప్పుడు అలాంటి నంబరే తగిలితే అంతా బాగుందనిపిస్తుంది. అదే మిల్లీసెకనులో రెండోదీ మూడోదీ వచ్చాయంటే అవి మొదటిదాని నంబరులోకి ఒరిగిపోతాయి. ఒక ట్వీట్ మీద నొక్కితే ఇంకొకరి ట్వీట్ తెరుచుకుంటుంది. పందొమ్మిది అంకెల నంబరు చివర రెండు సున్నాలు పదే పదే కనబడుతుంటే అనుమానించాలి. జావాస్క్రిప్ట్ 17 అంకెలకు మించి చూపదు, మిగతా చోటంతా సున్నాలతో నింపుతుంది.

పెద్ద పూర్ణాంకాల గొడవ ఇదైతే చిన్న భిన్నాలది ఇంకోటి. మూడింట ఒక వంతును దశాంశాల్లో రాయబోతే 0.333 అంటూ ఎప్పటికీ తెమలదు. అలాగే పదింట ఒక వంతు బైనరీలో తెమలదు. 53 బిట్ల దగ్గర కోసేయాలి. జేసన్‌లో 0.1 అని ఉన్నదాన్ని ఫ్లోట్‌గా చదివితే యంత్రంలో నిజంగా ఉండేది 0.1000000000000000055511151231257827021181583404541015625. ఎవరూ ఇన్ని అంకెలు చూడరు గనక సమస్య కనబడదు. 19.99 రూపాయలను వందతో హెచ్చించి పైసల్లోకి మారిస్తే 1998.9999999999998 వస్తుంది. దాన్ని పూర్ణాంకంగా కత్తిరించిన ప్రోగ్రామ్ 1998 పైసలంటుంది. ఒక్క పైసా ఎటో పోయింది. రాత్రి పూట ఖాతాలు సరిచూసే ప్రోగ్రామ్ ఆ పైసా దగ్గర ఆగిపోతుంది, ఎవరో ఒకరు నిద్ర లేవాలి. డబ్బును ఫ్లోట్‌లో చదవడం నా దృష్టిలో బద్ధకం తప్ప మరోటి కాదు. చెల్లింపుల సేవలందించే స్ట్రైప్ లాంటి సంస్థలు మొత్తాన్ని డాలర్లలో కాకుండా సెంట్లలో, రూపాయల్లో కాకుండా పైసల్లో, పూర్ణాంకంగానే తీసుకోవడం వెనక ఉన్న జాగ్రత్త ఇదే.

మరి చదివేవాడు ఏం చేయాలి? అన్నిటికంటే తేలికైన పని, ఏ గడిలో ఏ రకం వస్తుందో ముందే చెప్పడం. జావాలోనో, సీ షార్ప్‌లోనో, గోలోనో ఒక నిర్మాణం రాసి, నంబరు గడి 64 బిట్ల పూర్ణాంకం, ధర గడి దశాంశ రకం అని ప్రకటిస్తే, లైబ్రరీ సాధారణంగా అక్షరాల నుంచి నేరుగా ఆ రకంలోకే చదువుతుంది. మధ్యలో ఫ్లోట్ మజిలీ ఉండదు. అసలు గొడవ ముందే చెప్పనప్పుడు మొదలవుతుంది. ఏమొస్తుందో తెలియని జేసన్‌ను పేరు, విలువల పట్టికగా చదవమన్నప్పుడు లైబ్రరీ ఊహించుకోక తప్పదు. జావాలో గూగుల్ వారి జీసన్ లైబ్రరీ అలాంటప్పుడు ప్రతి సంఖ్యనూ ఫ్లోట్ చేసేస్తుంది. 1 అని వచ్చింది 1.0 అయి బయటికి పోతుంది. వయసు 35.0 అని తెరమీద చూసినప్పుడు నవ్వొస్తుంది గానీ, ఆ గడిలో ఉన్నది పద్దెనిమిది అంకెల ఖాతా నంబరైతే నవ్వు రాదు. ఏళ్ల తరబడి ప్రోగ్రామర్లు దీనికి తలో మందు రాసుకున్నారు. చివరికి 2021లో వచ్చిన 2.8.9 వెర్షన్‌లో టునంబర్‌పాలసీ అన్న మీట పెట్టారు. అన్నీ ఫ్లోట్‌లేనా, పూర్ణాంకంగా పట్టినవి పూర్ణాంకాలేనా, అన్నీ జావా దశాంశ రకమైన బిగ్‌డెసిమల్‌లా, లేక అడిగేదాకా అక్షరాలుగానే దాచిపెట్టాలా అన్నది మీరే తేల్చుకోవచ్చు.

ఈ చివరిది నాకు ఎక్కువ నచ్చుతుంది. గో భాషలో కూడా ఇదే ఆలోచన ఉంది. యూజ్‌నంబర్ అని అడిగితే డీకోడర్ సంఖ్యను సంఖ్యగా మార్చే జోలికే పోదు, అంకెల వరసను యథాతథంగా మీ చేతిలో పెడుతుంది. పూర్ణాంకంగా కావాలో భిన్నంగా కావాలో తరవాత తీరిగ్గా అడగొచ్చు. జేసన్ సంఖ్య ఎలాగూ అంకెల వరసే కదా, అవసరం వచ్చేదాకా దాన్ని అలాగే ఉంచడం నిజాయితీగల పద్ధతి.

పైథాన్ ఇంకో దారి పట్టింది. అక్కడి జేసన్ మాడ్యూల్‌కి పార్స్_ఫ్లోట్, పార్స్_ఇంట్ అని రెండు పేర్ల కింద మీ సొంత ఫంక్షన్లు ఇవ్వొచ్చు. చుక్కో ఘాతమో ఉన్న సంఖ్య తగిలినప్పుడల్లా మొదటిదాన్ని పిలుస్తుంది, లేనప్పుడు రెండోదాన్ని. పార్స్_ఫ్లోట్ దగ్గర డెసిమల్ అని పైథాన్ దశాంశ రకం పేరు రాస్తే చాలు, 0.1 నిక్కచ్చిగా 0.1గానే వస్తుంది. ఇక్కడ గమనించాల్సిన సంగతి ఒకటుంది. మన ఫంక్షన్ చేతికి వచ్చేది స్ట్రింగ్, సున్నా చుక్క ఒకటి అనే మూడు అక్షరాలు. ముందు ఫ్లోట్‌గా చదివేసి, ఆ తరవాత డెసిమల్‌గా మారిస్తే, ఇందాక చూసిన ఆ పొడవాటి సంఖ్య మొత్తం ఒక్క అంకె కూడా వదలకుండా డెసిమల్‌లోకి దిగుతుంది. కచ్చితమైన రకంలో తప్పు సంఖ్యను కచ్చితంగా దాచుకున్నట్టవుతుంది.

మారుస్తున్నామా లేదా అన్నదాని కంటే ఎప్పుడు మారుస్తున్నాం అన్నది ముఖ్యమని జావాస్క్రిప్ట్ ఇంకా బాగా చూపిస్తుంది. అక్కడ కూడా జేసన్ చదివేటప్పుడు రివైవర్ అనే సొంత ఫంక్షన్ ఇవ్వొచ్చు, ప్రతి విలువనూ అది సరిచూస్తుంది. కానీ రివైవర్ దగ్గరికి చేరేసరికి సంఖ్య ఫ్లోట్ అయిపోయి ఉంటుంది. చివరి 3 అప్పటికే 2 అయింది. ఎంత తెలివైన కోడ్ రాసినా 3ని వెనక్కి తేలేదు. ఈ లోటు పూడ్చడానికి, విలువతోపాటు దాని అసలు అక్షరాలను కూడా రివైవర్‌కి మూడో ఆర్గ్యుమెంట్‌గా అందించే ప్రతిపాదన వచ్చింది. 2023లో క్రోమ్ 114వ వెర్షన్‌లో అది అమల్లోకి వచ్చింది. ఆ అక్షరాలను బిగ్‌ఇంట్‌కి ఇస్తే నంబరు పూర్తిగా దక్కుతుంది.

మిగతా భాషల్లోనూ ఇలాంటి మీటలున్నాయి. పీహెచ్‌పీలో పెద్ద పూర్ణాంకాలను స్ట్రింగులుగా ఉంచమని చెప్పే జెండా 5.4 నుంచీ ఉంది. రూబీలో దశాంశ తరగతి ఏదో చెప్పొచ్చు. పేర్లు వేరు, పని ఒకటే.

అన్నిటికీ డెసిమల్ పెట్టేస్తే పీడా పోతుందనుకునేవాళ్లున్నారు. అనవసరం. హైదరాబాదు రేఖాంశం 78 డిగ్రీల చిల్లర. ఆ పరిధిలో పక్కపక్క ఫ్లోట్‌ల మధ్య తేడా నేలమీద రెండు నానోమీటర్లకు లోపే. ఫోన్ జీపీఎస్‌కి మీటర్లలో తేడా వస్తుంటే నానోమీటర్ల కోసం బాధపడటం దేనికి? ఉష్ణోగ్రత, గాలి వేగం, యంత్రాల కంపనాలు, ఇలా కొలిచి తెచ్చిన సంఖ్యలకు ఫ్లోట్ భేషుగ్గా సరిపోతుంది. దాని లెక్కలు ప్రాసెసర్‌లోనే నేరుగా జరుగుతాయి కనక వేగంగానూ ఉంటుంది. బియ్యం బస్తా తూచడానికి కంసాలి త్రాసు తెచ్చుకోం కదా.

ఇంకోవైపు, సంఖ్యల వేషంలో తిరిగే అసంఖ్యలున్నాయి. హైదరాబాదు ఎస్‌టీడీ కోడ్ 040. దాన్ని సంఖ్యగా చదివితే 40. జేసన్‌లో కొటేషన్లు లేకుండా 040 అని రాస్తే అసలు తప్పే, వ్యాకరణం ముందు సున్నాను ఒప్పుకోదు. బోస్టన్ నగరపు జిప్ కోడ్‌లు కూడా సున్నాతోనే మొదలవుతాయి. ఫోన్ నంబర్లను ఎవరైనా కూడతారా? రెండు ఆధార్ నంబర్ల సగటు కడతారా? కూడికా తీసివేతా అక్కర్లేనిది స్ట్రింగ్‌గా ఉండటమే మర్యాద. గూగుల్ వారి సీరియలైజేషన్ పద్ధతి ప్రోటోబఫ్ ఇంకో అడుగు వేసింది. 64 బిట్ల పూర్ణాంకాలను జేసన్‌లోకి రాసేటప్పుడు ఎప్పుడూ కొటేషన్లలోనే రాస్తుంది.

2.5కీ 2.50కీ మధ్య కూడా ఓ ప్రశ్న దాగుంది. ప్రయోగశాలలో 2.50 గ్రాములు అని రాస్తే వందో వంతు దాకా తూచామని అర్థం. ఫ్లోట్‌కి ఈ తేడా తెలియదు. జావా బిగ్‌డెసిమల్‌కి తెలుసు, ఎంత బాగా తెలుసంటే ఈక్వల్స్‌తో పోల్చితే రెండూ సమానం కావంటుంది. డెసిమల్‌లోకి మారాక ఇలాంటి పోలికలు ఉన్నట్టుండి తప్పుతుంటే జడుసుకోనక్కర్లేదు. కంపేర్‌టు అనే ఇంకో పోలిక ఉంది, అది విలువే చూస్తుంది. జావాలోనే జేసన్ చదివే జాక్సన్ లైబ్రరీ చెట్టు రూపంలో చదివేటప్పుడు చివరి సున్నాలను తనే కొట్టేస్తూ వచ్చింది. అవి కావాలనుకుంటే ప్రత్యేకంగా అడగాలి.

పరిమితి లేని రకం కోరుకున్నాక చూసుకోవాల్సింది ఇంకా ఉంది. జేసన్‌లో 1ఇ400 అని రాయడం చట్టబద్ధమే. ఇక్కడి ఇ పది ఘాతాన్ని సూచిస్తుంది. ఫ్లోట్‌లో పట్టేది సుమారు 10 ఘాతం 308 దాకానే. గో భాష ఇది నా వల్ల కాదని తప్పు చూపిస్తుంది. జావాస్క్రిప్ట్ అనంతం అంటుంది, పైగా ఆ అనంతాన్ని మళ్లీ జేసన్‌గా రాయమంటే నల్ అని రాస్తుంది. పెద్ద సంఖ్యగా లోపలికి పోయినది శూన్యంగా బయటికి వస్తుంది. బిగ్‌డెసిమల్ అయితే 1ఇ400ను నిమ్మళంగా పుచ్చుకుంటుంది. 1ఇ1000000000ను కూడా పుచ్చుకుంటుంది, ఎందుకంటే 1ని, ఘాతాన్ని విడివిడిగా దాచుకుంటుంది, అక్కడికి చోటు సరిపోతుంది. తరవాత ఎవరో అమాయకంగా దాన్ని పూర్ణాంకంగా మార్చమంటే, వంద కోట్ల సున్నాలున్న సంఖ్యను మెమరీలో పరచడానికి పూనుకోవాలి. సంఖ్య ఒక్కటే దాదాపు నలభై కోట్ల బైట్లు, దాన్ని తయారుచేయడానికి పట్టే సమయం అదనం. దాడి చేయదలచినవాడు పంపాల్సింది పన్నెండు అక్షరాలు.

పొడవైన సంఖ్యలతోనూ ఇదే జరుగుతుంది. అంకెల స్ట్రింగ్‌ను పెద్ద పూర్ణాంకంగా మార్చే మామూలు పద్ధతిలో అంకెలు రెట్టింపయితే సమయం నాలుగు రెట్లవుతుంది. అందుకే పైథాన్ 2022లో 4300 అంకెలు దాటిన స్ట్రింగ్‌ను పూర్ణాంకంగా మార్చడానికి నిరాకరించడం మొదలుపెట్టింది, కావాలంటే ఆ హద్దు మార్చుకోవచ్చు. జాక్సన్ 2.15 వెర్షన్ నుంచి వెయ్యి అక్షరాల సంఖ్య దగ్గర గీత గీసింది. పన్నెండక్షరాల సంఖ్య ఆ గీతకు దొరకదు కాబట్టి, బిగ్‌డెసిమల్‌ను పూర్ణాంకంగా మార్చేచోట ఇంకో గీత ఉంది: ఘాతం లక్ష దాటితే మార్చనంటుంది.